రోడ్డెక్కని కారు

రహదారుల శాఖ మంత్రిగారు ఆ ఉదయం తన విలాసాలన్నిటినీ త్యాగం చేశారు. విలాసాలన్నీ అంటే ఒక కారు. విలేకరులను ఇంటికి పిలిపించి, కాఫీలు ఇప్పించి, గొంతు సవరించుకుని ప్రకటించారు.

"ప్రజలు బస్సుల్లో వేలాడుతుంటే నాకు విదేశీ కారెందుకు? అమ్మేస్తున్నాను. ఇకనుంచి జనంలో ఒకడిగా తిరుగుతాను."

ఎన్నికలు ముంచుకొస్తున్న వేళ ఇంత గుండె నిబ్బరం అందరికీ ఉండదు. వెనక వరసలో నిలబడి అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టినవాడు మంత్రిగారి బావమరిది. కొట్టాడే గాని కళ్ళు చెమర్చాయి. కారు మంత్రిగారిదే అయినా దానితో కాపురం చేస్తున్నది అతను.

ఆ కారు ఐరోపాలో పుట్టింది. గ్రాండ్ టూరర్ అంటారు. ఇద్దరు మనుషులు, రెండు పెట్టెలు, రాత్రికి రాత్రి దేశం దాటెయ్యడానికి చేసిన బండి. పొడుగాటి మూతి, తోలు సీట్లు, చెక్క స్టీరింగు, నేలకు జానెడెత్తున కూర్చున్న నడుము. రోడ్ల కాంట్రాక్టరు ఒకాయన మంత్రిగారి మీద అభిమానం పట్టలేక ఇచ్చుకున్నారు. లారీ మీద ఎక్కించి తెచ్చి తిన్నగా షెడ్డులో దింపించారు. ఆ వీధి రోడ్డు వేసింది ఆయనే కాబట్టి ఆ మాత్రం జాగ్రత్త తీసుకున్నారు. అప్పటినుంచి అది షెడ్డు గుమ్మం దాటి ఎరగదు.

ప్రతి ఆదివారం బావమరిది దాన్ని మెత్తటి గుడ్డతో తుడిచి, ఇంజను స్టార్టు చేసి, స్టీరింగు ముందు కూర్చుని కళ్ళు మూసుకునేవాడు. గేర్లు మారుస్తూ, మలుపుల దగ్గర ఒంగుతూ ఎన్ని కొండలు దాటేవాడో అతనికే తెలియాలి. అక్కయ్య అన్నానికి పిలిస్తే గాని తిరిగొచ్చేవాడు కాదు.

విలేకరులు వెళ్ళగానే మంత్రిగారు అతన్ని దగ్గరికి పిలిచారు. "ఒరేయ్, ఎన్నికల సభలు మొదలయ్యేలోగా దీన్ని అమ్మిపెట్టు. నీకు చైర్మన్ పదవి ఇప్పిస్తాను."

"దేనికి చైర్మన్ బావగారూ?"

"ఏదో ఒకదానికి. నీకు కావలసింది కుర్చీయా, బోర్డా?"

అతనికి కావలసింది జవాబు. పిల్లనిద్దామని వచ్చినవాళ్ళు "అబ్బాయి ఏం చేస్తుంటాడండీ?" అని అడిగినప్పుడల్లా ఇంట్లో అందరికీ ఒకేసారి దగ్గు వచ్చేది. పదవి గురించి ఎన్నాళ్ళనుంచో వింటున్నా, గడువుతో సహా వినడం ఇదే మొదలు. అందుకే గుండె రాయి చేసుకుని పత్రికకు ప్రకటన తనే రాశాడు. పాతకార్లు కొనేవాళ్ళు మొదట ఏం చూస్తారో అతనికి కొట్టిన పిండి.

"మీటరు నాలుగు వందల పన్నెండు కిలోమీటర్లు. అవి కూడా పుట్టిన దేశంలో తిరిగినవే. అడుగున ఒక్క గీత లేదు. మన రోడ్ల మీద ఒక్కసారైనా నడపలేదని సాక్షాత్తూ రహదారుల శాఖ మంత్రిగారి హామీ."

కారు గురించి అంతకంటే మంచి మాట ఎవరూ రాయలేరు. ప్రతిపక్ష నాయకుడు ఆ ప్రకటనను ఫ్రేము కట్టించి ఆఫీసులో తగిలించుకున్నాడు.

"ఆ ఆఖరి ముక్క ఎవడు రాయమన్నాడురా నిన్ను?" మంత్రిగారు పేపరు విసిరికొట్టారు.

"కారుకి అదే ప్రాణం బావగారూ! దాన్ని చూసే ఇన్ని ఫోన్లు వస్తున్నాయి."

"నాకూ వస్తున్నాయి. ముఖ్యమంత్రి దగ్గర్నుంచి!"

మంత్రిగారు గట్టి మనిషి. సాయంత్రానికి మళ్ళీ విలేకరులను పిలిచారు. ప్రకటనలో అచ్చుతప్పు దొర్లిందన్నారు. నిజానికి తన హయాంలో వేసిన ప్రతి రోడ్డు మీదా ఆ కారులో స్వయంగా తిరిగి చూశానన్నారు.

"ఎన్ని కిలోమీటర్లు వేయించారు సార్?" అని ఒక విలేకరి అడిగాడు.

"పన్నెండు వేలు!" అన్నారు మంత్రిగారు ఛాతీ విరుచుకుని.

"మరి మీటరు నాలుగు వందలేగా చూపిస్తోంది?"

మంత్రిగారు తడుముకోలేదు. "అదీ అచ్చుతప్పే. రేపు వచ్చి కళ్ళారా చూసుకోండి."

వెంటనే మెకానిక్కుకు కబురు వెళ్ళింది. అతను డాష్‌బోర్డు విప్పి, సంగతి విని, స్క్రూడ్రైవరు కింద పెట్టేశాడు.

"సార్, ఇన్నేళ్ళుగా మీటర్లు వెనక్కే తిప్పుతున్నాను. ముందుకి తిప్పమన్నవాళ్ళు మీరే మొదలు. చెయ్యి రావడం లేదు."

"నేను ప్రజలనే ముందుకు నడిపిస్తున్నానయ్యా, నువ్వు మీటరుని నడపలేవా?"

మెకానిక్కు తిప్పడం మొదలుపెట్టాడు. అంకెలు ఒక్కొక్కటే దొర్లుతుంటే బావమరిది గోడవైపు తిరిగి నిలబడ్డాడు. తను కళ్ళు మూసుకుని చేసిన ప్రయాణాలన్నీ కలిపినా అంత దూరం కాలేదు. ఏడుపొచ్చింది, ఏడ్చాడు. చైర్మన్ కుర్చీని తలుచుకుని కళ్ళు తుడుచుకున్నాడు.

మర్నాడు విలేకరులు మీటరు ఫొటోలు తీసుకుని వెళ్ళాక, కారు కొనడానికి పెద్దాయన ఒకరు వచ్చారు. పాతకార్లంటే పడిచచ్చే మనిషి. చాప వేయించుకుని కారు కిందికి దూరి, చాలాసేపటికి బయటికొచ్చారు.

"బాబూ, ఎంత తిరిగిందన్నారు?"

"పన్నెండు వేలండీ."

"ఎక్కడ?"

"మన... రోడ్ల మీదేనండీ."

పెద్దాయన మోకాళ్ళు దులుపుకున్నారు. "మన రోడ్ల మీద తిరిగితే కింద ఇలా ఉండదు. కింద ఇలా ఉందంటే తిరగలేదు. ఏది నిజమో ఒక్కటి చెప్పు, ఇప్పుడే కొనేస్తాను."

తిరగలేదంటే బావగారు మునుగుతారు, తిరిగిందంటే కారు విలువ మునుగుతుంది. బావమరిది గుడ్డ తీసుకుని, మెరుస్తున్న అద్దాన్నే మళ్ళీ తుడిచాడు. పెద్దాయన ఒక దణ్ణం పెట్టి వెళ్ళిపోయారు.

జరిగింది విని మంత్రిగారు తిట్టలేదు. కుర్చీలోంచి లేచారు. "ఏమన్నాడూ? పన్నెండు వేలు తిరిగినా గీత లేదన్నాడా?"

"ఆయన అన్నది అది కాదు బావగారూ..."

"ఒరేయ్, నువ్వు బంగారం!"

వారం తిరక్కుండా రహదారుల శాఖే ఆ కారును కొనేసింది. శాఖ వేసిన రోడ్ల నాణ్యతకు అంతకంటే సాక్ష్యం ఏముంటుంది? ఊరి నడిబొడ్డున మ్యూజియం పెట్టి అందులో నిలబెట్టాలనీ, దానికి చైర్మన్‌గా బావమరిదిని వెయ్యాలనీ ఉత్తర్వులొచ్చాయి. డబ్బు మంత్రిగారికి ముట్టింది. త్యాగం పూర్తయింది.

ఊరేగింపు రోజు బ్యాండుమేళం, కెమెరాలు, పూలదండలు అన్నీ సిద్ధం. కొత్త కోటు తొడుక్కుని చైర్మన్‌గారు స్టీరింగు ముందు కూర్చున్నారు. ఎన్నాళ్ళ కల! ఈసారి కళ్ళు తెరుచుకునే నడపాలి. మంత్రిగారు జెండా ఊపారు. గేటు బార్లా తెరుచుకుంది.

గేటు అవతల వీధి కనిపించింది. వానకు నిండిన గుంట, దాని పక్కన ఇంకో గుంట, రెంటి మధ్య పైకి లేచిన కంకర.

బావమరిది కాలు బ్రేకు మీదినుంచి లేవలేదు. బ్యాండువాళ్ళు వాయించిందే వాయిస్తున్నారు. మంత్రిగారు నవ్వు చెదరకుండా కిటికీ దగ్గరికొచ్చారు.

"పోనియ్యరా!"

"పోనివ్వను బావగారూ."

"పదవి పీకేస్తాను."

"పీకెయ్యండి. ఇది నా ప్రాణం, దీన్ని ఆ గుంటలోకి దింపలేను." అంతలో అతనికి ఎక్కడిదో తెలివి వచ్చింది. "అయినా ఒక్క గీత పడిందంటే మీ సాక్ష్యం గంగపాలేగా?"

మంత్రిగారు గుంటవైపు చూశారు. కారువైపు చూశారు. మైకు అందుకున్నారు.

"సోదరులారా! మ్యూజియం ఊళ్ళో ఎందుకు? ఇంత గొప్ప కారు దగ్గరికి మ్యూజియమే రావాలి. నా షెడ్డును ఈ క్షణమే శాఖకు అప్పగిస్తున్నాను. నామమాత్రపు అద్దెకు!"

చప్పట్లు మారుమోగాయి. కారు వెనక్కి వెళ్ళి తన చోట నిలబడింది. షెడ్డుకు బోర్డు వచ్చింది, బోర్డు కింద కుర్చీ వచ్చింది. పిల్లనిచ్చేవాళ్ళు అడిగితే ఇప్పుడు ఇంట్లో ఎవరికీ దగ్గు రావడం లేదు. చైర్మన్‌గారు కుర్చీ మీద గుడ్డలు ఆరేసుకుని కారు తుడుచుకుంటున్నారు.

మొదటి సందర్శకులు సోమవారం వచ్చారు. రహదారుల శాఖ కొత్తగా చేర్చుకున్న ఇంజనీర్లు, చూసి నేర్చుకోవడానికి శాఖే పంపించింది. వాళ్ళ బస్సు వీధి మలుపులో గుంటలో కూరుకుపోయింది. అక్కడినుంచి చెప్పులు చేత్తో పట్టుకుని, ప్యాంట్లు మోకాళ్ళదాకా మడుచుకుని నడిచొచ్చారు.

చైర్మన్‌గారు గుమ్మంలో ఎదురెళ్ళి నమస్కారం పెట్టారు. "దయచేసి కాళ్ళు కడుక్కుని రండి. లోపల రోడ్ల నాణ్యత ఉంది."