దశాబ్దపు ఉత్తమ బ్యాండ్ నిర్ధారణ కమిటీ

"పంతొమ్మిది వందల ఎనభై నుంచి ఎనభై తొమ్మిది దాకా ఇంగ్లండులో వాయించిందే సంగీతం! దానికి ముందుదీ, తర్వాతదీ వట్టి చప్పుడు!"

అని మా జనరల్ మేనేజర్ గారు ఆఫీసర్ల క్లబ్బులో సెలవిచ్చారు. అప్పుడు ఆయన చేతిలో మిరపకాయ బజ్జీ ఉంది. కళ్లలో నీళ్లు తిరిగింది సంగీతానికో, బజ్జీ కారానికో తేల్చుకునే వ్యవధి ఎవరికీ లేదు. అక్కడున్న పద్నాలుగు మంది అధికారులూ ఒక్కసారిగా కళ్లు తుడుచుకున్నారు!

మా బొగ్గుగని కాలనీ శ్రీరాంపూర్‌కూ బెల్లంపల్లికీ నడుమ ఎక్కడో ఉందనుకోండి. ఊరు పేరు చెప్పడం నా ఆరోగ్యానికి మంచిది కాదు. నా పేరు కుమారస్వామి. పర్సనల్ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటును. అధికారులు మాట్లాడింది రాయడం, మాట్లాడనిది కూడా మాట్లాడినట్టు రాయడం నా వృత్తి.

మా దగ్గర జీఎం మారితే అభిరుచి మారుతుంది. ఇదివరకాయన షటిల్ ఆడేవారు. ఆయన హయాంలో మోకాలికి పట్టీ లేని అధికారి కనబడితే ఒట్టు. అంతకుముందాయన పరమ భక్తుడు. ఆయనున్న మూడేళ్లూ ఆఫీసులో అందరూ ఉత్తకాళ్లతోనే తిరిగారు. ఇప్పుడు రాక్, న్యూవేవ్ వచ్చి పడ్డాయి. న్యూవేవ్ అంటే ఏమిటని ఎవరూ అడగలేదు. అడిగితే తెలియదని తెలిసిపోదూ!

ఇక్కడ నా సొంత గోడు కొంత చెప్పుకోవాలి. మా క్వార్టర్ మూడో అంతస్తులో ఉంది. మా అమ్మ కొమురవ్వకు డెబ్బై ఎనిమిదేళ్లు; అవ్వ అనే పిలుస్తాను. రెండు మోకాళ్లూ పోయాయి. పోయిన బతుకమ్మకు కిందికి దిగిన మనిషి మళ్లీ దిగలేదు. బాల్కనీలోంచి తాడుకు సంచి కట్టి కిందికి విడిస్తే, కూరగాయలమ్మే మల్లక్క అందులో వంకాయలో, గోరుచిక్కుళ్లో వేస్తుంది. అవ్వ పైకి లాక్కుంటుంది. ఆమెకు లోకంతో మిగిలిన సంబంధం ఆ తాడే.

"మన్నుమీద కాలు వెట్టక ఎన్నొద్దులాయెరా కుమారూ! కోడి గూట్లె ఉన్నట్టు ఉన్న. సచ్చేలోపట జర కిందికి దించు బిడ్డా" అనేది. ఆ మాట విన్న ప్రతిసారీ నాకు అన్నం సహించేది కాదు.

గ్రౌండ్ ఫ్లోర్ క్వార్టర్ కోసం మూడుసార్లు దరఖాస్తు పెట్టాను. మొదటిదానికి, తల్లి వయసుకు ధ్రువపత్రం జతపరచలేదని జవాబు. రెండోదానికి, అనారోగ్యంతో ఉన్న మోకాళ్లు ఉద్యోగివి కావనీ, ఉద్యోగి తల్లివనీ, నిబంధనలో 'ఉద్యోగి' అని మాత్రమే ఉందనీ జవాబు. మూడోదానికి ఖాళీలు లేవని. మా బ్లాకులోనే ఒక గ్రౌండ్ ఫ్లోర్ క్వార్టర్ రెండేళ్లుగా ఖాళీగా ఉంది. అందులో ఎవరివో మేకలుంటున్నాయి. మేకలు దరఖాస్తు పెట్టలేదు కనుక వాటిని తిరస్కరించే వీలు లేకపోయింది. ఈ మూడు జవాబులనూ టైపు చేసింది నేనే. నన్ను నేను 'మీరు' అని గౌరవంగా సంబోధించుకున్నది జీవితంలో ఆ మూడుసార్లే!

సరే, కమిటీ సంగతికి వద్దాం. జీఎం గారి ఆదేశం మేరకు 'దశాబ్దపు ఉత్తమ బ్యాండ్ నిర్ధారణ కమిటీ' ఏర్పడింది. ప్రతి శనివారం సాయంత్రం సమావేశం. మినిట్స్ రాయడానికి నేను.

మొదటి సమావేశంలో సెక్యూరిటీ ఆఫీసరు హనుమండ్లు గారు లేచి, ఎనభైల్లో అత్యుత్తమ బ్యాండు 'ది పోలీస్' అని ప్రకటించారు. కారణం అడగాల్సిన పని లేదు. ఆసుపత్రి డాక్టరమ్మ అనసూర్య గారు 'ది క్యూర్' అన్నారు. మా పర్సనల్ మేనేజర్ గారు ఆర్డర్లు జారీ చేయడంలో తలపండినవారు కాబట్టి 'న్యూ ఆర్డర్' అన్నారు. విభాగాధిపతులందరికీ వర్తిస్తుంది కాబట్టి 'టాకింగ్ హెడ్స్' అయితే ఎవరికీ బాధ ఉండదని ఫైనాన్స్ వారు రాజీ సూచించారు. పేర్లన్నీ, అవి బలహీనుల పాటలన్న మాటతో సహా, ఆ మధ్యాహ్నమే ఫోనులో వెతికినవి. పాట వినేంత తీరిక మాత్రం ఎవరికీ చిక్కలేదు.

"మీ పోలీసు బ్యాండు దశాబ్దం సగంలోనే డ్యూటీ దిగిపోయింది" అన్నారు డాక్టరమ్మ. "మా వాళ్లు నేటికీ వాయిస్తున్నారు. మెడికల్లీ ఫిట్!"

"సర్వీసొక్కటే చూస్తే ఎట్లమ్మా? క్రమశిక్షణ చూడాలె!" అన్నారు హనుమండ్లు గారు. "ఇంకో ముచ్చట అడుగుత. ఏదో బ్యాండుల పాటగాడు సచ్చిపోతె ఆయన జాగల ఎవల్ని తీసుకున్నరు? కొడుకునా?"

"కాదట. బయటి మనిషినట" అన్నారు ఫైనాన్స్ వారు.

"బయటోన్నా! వారసునికి నౌకరియ్యలేదా? గిది మేనేజ్‌మెంట్ దౌర్జన్యం!" అని బల్ల గుద్దారు హనుమండ్లు గారు. మా బొగ్గు బాయిల దగ్గర తండ్రి పోతే కొడుక్కి నౌకరీ అన్నది ఉగ్గుపాలతో వచ్చిన న్యాయం. ఆవేశంలో ఆయనకు, తానూ మేనేజ్‌మెంటేనన్న సంగతి గుర్తులేదు. గుర్తొచ్చాక, "కుమారస్వామీ, అది కొట్టెయ్" అన్నారు. కొట్టేశాను.

'ది క్లాష్' అనే మరో పేరు వచ్చింది గానీ, ఘర్షణ అనే పేరున్న బ్యాండును కంపెనీ ఆవరణలో ప్రోత్సహిస్తే పారిశ్రామిక సంబంధాలు దెబ్బతింటాయని పర్సనల్ మేనేజర్ గారు అభ్యంతరం చెప్పారు. తిరస్కరించడమైనది.

జీఎం గారు మాత్రం ఎవరు మాట్లాడినా తల ఊపేవారు. చిన్న నోటుబుక్కులో ఏదో రాసుకునేవారు. ఆయనకు ఇష్టమైన బ్యాండు ఏదో ఎవరికీ అంతుపట్టలేదు. అందరికీ ఆయనతో ఏదో ఒక పని ఉంది. ఒకరికి బదిలీ ఆగాలి, ఒకరికి పదోన్నతి కదలాలి. అంచేత అందరూ జీఎం గారి డ్రైవర్ కొండల్ ఇంటికి వరుస కట్టారు. కొండల్ ఇంట్లో ఆ నెలంతా ఎడతెగకుండా నాటుకోడి వండారు.

నేనూ వెళ్లాను. ఉత్త చేతులతోనే వెళ్లాను.

"కుమారన్నా, నువ్వు నా లీవు కాయితాలు జల్ది చేయించినవ్. గందుకే నీకు నిజం చెప్తున్న" అన్నాడు కొండల్. "సార్ బండ్ల ఏ పాటా ఇనడు. కూసున్న ఐదు నిమిషాలకు గురక వెడతడు."

"మరి గీ రాక్ పిచ్చేంది?"

"హైదరాబాదుల డైరెక్టర్ సారుకు గవంటే పానమట. ఆయన పై నెల ఇటు వస్తుండు. మీరు మాట్లాడిందంత మా సార్ రాసుకొని పొద్దుగాల అద్దం ముంగట బట్టీ కొడుతుండు. అమ్మగారు పరేషాన్ అయితుంది!"

ఇంటికొస్తూ నవ్వుకున్నాను. మెట్లెక్కుతుండగా బుర్రలో ఒక ఆలోచన మెరిసింది. సోమవారం పొద్దున నాలుగో దరఖాస్తు పెట్టాను.

'విషయం: ఎనభైల పాశ్చాత్య సంగీత అధ్యయన కేంద్రమునకు గ్రౌండ్ ఫ్లోర్ క్వార్టర్ గురించి. గౌరవ డైరెక్టర్ గారి పర్యటన దృష్ట్యా సదరు కేంద్రము అత్యవసరము. కరీంనగర్ నుండి తెప్పించు స్పీకర్లు మిక్కిలి బరువైనవి. వాటికి మెట్లెక్కు శక్తి లేదు. వెనుక గదిలో కేర్‌టేకరుగా నేను ఉండగలను.'

దరఖాస్తులో అర్హత కూడా చూపాలి కదా! కరీంనగర్‌లో డిగ్రీ చదివే రోజుల్లో క్యాసెట్లు నింపే దుకాణంపైన అద్దెకుండి, సదరు సంగీతాన్ని రేయింబవళ్లు విన్నానని రాశాను. అద్దెకున్నది నిజమే. ఆ దుకాణంలో పొద్దున భజనలు, పగలంతా సినిమా పాటలు. ఒకే ఒక్క ఇంగ్లీషు క్యాసెట్ వస్తే, కొనేవాడు లేక దుకాణమాయన దానిమీద ఒగ్గుకథ నింపాడు.

"ఒక్క పాటన్న తెల్వది, గింత అబద్ధం రాస్తవా?" అంది మా ఆవిడ శ్యామల.

"అవ్వ కోసమే గదనే" అన్నాను.

నలభై నిమిషాల్లో మంజూరైంది! 'స్పీకర్ల ఇబ్బందిని మానవతా దృక్పథముతో పరిశీలించడమైనది' అని జీఎం గారు స్వయంగా రాశారు. మధ్యాహ్నానికి మేకలు బజారున పడ్డాయి. కేంద్రం లెక్క వేరు కనుక మా మూడో అంతస్తు క్వార్టరూ మాకే ఉండిపోయింది.

ఆ ఆదివారం కొండల్, నేను కలిసి అవ్వను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, చెరో వైపూ పట్టుకుని దించాం. చివరి మెట్టు దగ్గర ఆగమంది. చెప్పులు విడిచింది. ఒక కాలు మట్టిమీద పెట్టి, కాసేపాగి రెండోది పెట్టింది. "సల్లగున్నది" అంది. అంతే. మల్లక్క గంప దించి పరుగెత్తుకొచ్చి ఆమె చేతులు పట్టుకుంది. ఇద్దరూ ఏడ్చారు, ఆ తర్వాత వంకాయల ధర దగ్గర కొట్లాడుకున్నారు. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. ఒక్క పాట వినకుండానే ఎనభైల బ్యాండ్లన్నిటికీ మనసులో దండం పెట్టుకున్నాను.

ఆ సంబరం పదకొండు రోజులు సాగింది.

పన్నెండో రోజు ముందు గదిలోకి స్పీకర్లు దిగాయి. తర్వాత నడి గదికి పోస్టర్లు, కుర్చీలు. శనివారాలు చాలవని కమిటీ రోజూ కూర్చోసాగింది. వెనక గదిలో అవ్వకు చెవులు గింగురుమంటున్నాయంటే మంచం వరండాలో వేశాను. అక్కడ మల్లక్క వచ్చి కూర్చునేది. మల్లక్క గంపవల్ల కేంద్రం వాతావరణం చెడుతోందని డాక్టరమ్మ అన్నారు. మల్లక్క రావడం మానేసింది. అవ్వ మంచంమీంచి కాళ్లు కిందికి వేలాడేసి, వేళ్లతో మట్టిని గీరుతూ కూర్చునేది.

డైరెక్టర్ గారు వచ్చే రోజు పొద్దునే జీఎం గారు తనిఖీకి వచ్చారు. పోస్టర్లు చూశారు, స్పీకర్లు తట్టారు. వరండాలో ఆగారు.

"ఈ పెద్దావిడ ఎవరయ్యా?"

'మా అవ్వ సార్' అంటే అయిపోయేది. మూడు మాటలు. అవి పళ్ల దాకా వచ్చాయి. ఇరవై ఎనిమిదేళ్ల నౌకరీలో ఆ దారిన 'సరే సార్' తప్ప మరోటి బయటికొచ్చి ఎరగదు.

"కేర్‌టేకర్ తాలూకు, సార్" అన్నాను.

అవ్వ తలెత్తి నా వైపు చూసింది.

"డైరెక్టర్ గారు చూస్తే వృద్ధాశ్రమం అనుకుంటారు. ఈవిడను పంపించెయ్. ఆ వెనక గది కూడా ఖాళీ చేస్తే క్యాసెట్ల విభాగం పెడదాం."

"సరే సార్" అన్నాను.

ఆయన వెళ్లాక అవ్వే అంది. "నన్ను మీదికే కొంచపో బిడ్డా. ఆడనే మంచిగుండె."

బలహీనుల సంగీతం గురించి నెలరోజులుగా బల్లలు గుద్దిన పద్నాలుగు మందీ అప్పటికే అక్కడున్నారు. పూలగుత్తులు పట్టుకున్నందున ఎవరికీ చేతులు ఖాళీ లేవు. కొండల్ వచ్చాడు. మళ్లీ అదే కుర్చీ, అవే మెట్లు. రెండో అంతస్తు మలుపులో ఊపిరి కోసం ఆగాం.

"గా పాటలల్ల ఏమంటర్రా?" అని అడిగింది అవ్వ.

"కష్టపడెటోళ్ల గురించట అవ్వా. పేదోళ్ల గురించి, దిక్కులేనోళ్ల గురించి."

"మంచి పాటలే. జల్ది పో మరి, నీకోసం ఆగుతరు" అంది.

కొండల్ నా ముఖం చూడకుండా కుర్చీ ఎత్తాడు.

పదకొండింటికి డైరెక్టర్ గారు వచ్చారు. తీర్మానం ముందే టైపు చేసి పెట్టాను. బ్యాండు పేరు ఉండాల్సిన చోట మాత్రం ఖాళీ. డైరెక్టర్ గారు టీ తాగుతూ, నాకైతే 'ది క్లాష్' అన్నారు. కమిటీ చప్పట్లతో ఏకగ్రీవంగా ఆమోదించింది. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది మా పర్సనల్ మేనేజర్ గారే!

తర్వాత కేర్‌టేకర్ హోదాలో నన్ను రెండు మాటలు చెప్పమన్నారు. చొక్కా ఇంకా చెమటతో తడిగానే ఉంది. లేచాను. చెప్పాలనుకున్నవి ఒక్కటీ గుర్తు రాలేదు. మెట్ల కింద లోకం ఎంత దగ్గరో, మెట్లపైన ఉన్నవాళ్లకు అదెంత దూరమో చెప్పాను. మట్టిమీద కాలు పెట్టడానికి కూడా మంజూరు కావాల్సిన మనుషులుంటారన్నాను. వాళ్లను ఎరిగిన బిడ్డలే అందరిముందూ ఎరగమంటారన్నాను. ఆ సంగీతం వాళ్లదేనన్నాను. అంతటితో కూర్చున్నాను.

హాలంతా లేచి నిలబడింది. జీఎం గారు నిజంగానే కళ్లు తుడుచుకున్నారు, ఈసారి చేతిలో బజ్జీ కూడా లేదు. డైరెక్టర్ గారు వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నారు.

"అద్భుతం! ఇంత బాధ మీకెలా తెలిసిందండీ?"

"పాటలు విని విని, సార్!" అన్నాను.