గుట్ట మీద గడప

సీతామహాలక్ష్మి గడపకు పసుపు రాస్తోంది. అది పూర్తయ్యేలోపు భర్త త్రినాథరావు బూట్లు తొడుక్కుని, విప్పి, మళ్లీ తొడుక్కున్నాడు. ఎల్బీనగర్‌లో అద్దె ఇళ్లు మారి మారి విసిగిపోయి, బడంగ్‌పేట్ దాటాక ఎక్కడో గుట్ట మీద ఆయన స్థలం కొన్నాడు. ఈరోజు ఆవిడ చూసి సరేనంటే ఇల్లు మొదలుపెట్టాలి. కాదంటే ఈ అద్దె వాటాలోనే ముసలితనం.

"ఆ పసుపు డబ్బా కూడా తెచ్చుకో. అక్కడిదీ మన గడపే కదా," అన్నాడు హుషారుగా.

ఆ మాటే కొంప ముంచింది.

స్థలం అమ్మిన బాల్‌రాజ్ గుట్ట కింద కారు ఆపించాడు. "ఈడికెళ్లి నడుసుడే సార్. వానలు పడ్డయి గద, జర మెత్తగుంటది."

మెత్తగా అంటే పిక్కల దాకా అని అతను చెప్పలేదు. పైకి వెళ్లేకొద్దీ నేల గట్టిపడాలి. ఈ గుట్టకు ఆ సంగతి తెలియదు. ఎక్కడ చూసినా ఊట. గడ్డి మీద కాలు పెడితే కింద నేల ఊగింది. ముసురులో మనిషి అలికిడి లేదు. సీతామహాలక్ష్మి దిల్‌సుఖ్‌నగర్‌లో కొన్న చెప్పుల్లో ఎడమదాన్ని బురద మింగేసింది.

"పాలప్యాకెట్‌కి పడవేసుకుని వెళ్లాలాండీ నేను?"

"ఎండాకాలం చూడు, ఎంత బావుంటుందో."

"అప్పటిదాకా ఇలాగే నిలబడి ఉండనా?"

తీరా చేరితే అక్కడున్నది ఒక హద్దురాయి, అంతే. ఆవిడ ముఖం చూసి త్రినాథరావు గబగబా పసుపు డబ్బా అందించాడు. "ముందు మన గడప అనుకుని దీనికి పసుపు పెట్టు. మనసు కుదుటపడుతుంది," అన్నాడు. ఆవిడ మిగిలిన చెప్పు విడిచి, రాయికి పసుపు రాసి, బొట్టు పెట్టి, చేతులు జోడించి కళ్లు మూసుకుంది.

అటుగా మేకలు తోలుకొస్తున్న సైదులు అది చూసి తనూ చెప్పులు విడిచాడు. "ఏ తల్లి సార్?" అని మెల్లగా అడిగాడు. మాట్లాడితే భార్య మొక్కు చెడుతుందని త్రినాథరావు ఊరుకున్నాడు.

వారం తిరిగేసరికి రాయి ముందు నిమ్మకాయలు వచ్చాయి. ఆ తర్వాత వేపకొమ్మలు. ఆ పై వారం చంపాపేట్ నుంచి ఆటోల్లో జనం. ఆవిడ వదిలేసి వచ్చిన కుడి చెప్పుకు కూడా ఎవరో కుంకుమ పెట్టారట.

బాల్‌రాజ్ ఫోన్ చేశాడు. "సార్, రాయికి చీర కట్టిన్రు. గుడి కడ్తమంటున్నరు."

"అది నా స్థలం బాల్‌రాజ్."

"మీదే సార్, ఎవరు కాదన్నరు? గుడి మీద మీ పేరే రాపిస్తమంటున్నరు."

"మరి నా ఇల్లు?"

"తల్లి నెత్తి మీద ఇల్లెట్ల కడ్తరు సార్?"

ఫోన్ పెట్టేసి త్రినాథరావు భార్య వైపు తిరిగాడు. "ఆ రోజు ఏం మొక్కుకున్నావే?"

"ఈ గుట్ట మీద కాపురం తప్పించమని."

ఆదివారం తెల్లవారగానే సీతామహాలక్ష్మి తలస్నానం చేసి, కొబ్బరికాయ, పసుపు డబ్బా సంచిలో పెట్టుకుని, మొక్కు తీర్చుకోవడానికి గుట్టకు బయలుదేరింది.

ఇంటి గడపకు ఆ రోజు పసుపు లేదు.