నూర్ అహ్మద్ గీసిన సున్నాలు

పొద్దున ఆరు గంటలకు ప్రొద్దుటూరు బస్టాండులో పులివెందుల బస్సెక్కిన నూర్ అహ్మద్ మనసులో ఉన్న ఆలోచన చాలా చిన్నది. పది గంటలకు మీటింగు. మీటింగులో తాను గీసిన చార్టు చూపించాలి. అది చూసి విజయవాడ సారు ముచ్చటపడి తనను ప్రొద్దుటూరుకు బదిలీ చేయాలి. ఇకమీదట మధ్యాహ్నం భోజనానికి ఇంటికి నడిచి వెళ్లాలి. అంతే.

అతనిది డ్రిప్పు పైపులు అమ్మే కంపెనీలో ఉద్యోగం. ఇల్లు ప్రొద్దుటూరులో, కుర్చీ పులివెందులలో. ఆరేళ్లుగా ఇదే బస్సు. అతను బయల్దేరేటప్పటికి నాలుగేళ్ల కూతురు సనా నిద్ర లేవదు, తిరిగొచ్చేటప్పటికి పడుకునేసి ఉంటుంది. పోయిన ఆదివారం ఎవరో వాకిట్లో నిలబడి “మీ అబ్బా ఉన్నాడా?” అని అడిగితే, ఆ పిల్ల ఇంట్లోకి తొంగి చూసి, “అబ్బా లేడు, బస్సు మామూ ఉన్నాడు” అని చెప్పింది. అబ్బా అంటే నాన్న, మామూ అంటే మేనమామ. ఆ లెక్కన తన భార్య ఫరహత్‌కు తానేమవుతాడో ఆలోచించి నూర్ అహ్మద్ ఆ పూట అన్నం ముట్టలేదు. ఫరహత్ మొదట నవ్వింది. తర్వాత వంటింట్లోకి వెళ్లి చాలాసేపు బయటికి రాలేదు.

బదిలీ కోసం ఇప్పటికి నాలుగు దరఖాస్తులు పెట్టాడు. ఒక్కదానికీ జవాబు లేదు. పోయిన నెల కడపలో ఏదో శిక్షణ ఉందంటే అందరూ “నువ్వు పోప్పా” అని ఇతన్నే తోశారు. అక్కడ విజయవాడ నుంచి వచ్చిన అవినాష్ అనే యువ అధికారి ఒక విద్య నేర్పాడు. ఇవాళ మీటింగుకు వచ్చేదీ ఆయనే. ఆఫీసులో ప్రతి మనిషికీ ఒక సున్నా గీయాలి. ఎవరు ఎవరితో మాట్లాడితే వాళ్ల మధ్య ఒక గీత. ఎక్కువ మాట్లాడితే గీత లావు. ఎక్కువ గీతలు చేరిన సున్నా పెద్దది. అలా గీస్తే అసలు ఆఫీసు ఎవరి మీద నడుస్తోందో కాగితం మీద తేలిపోతుందట. నాలుగు దరఖాస్తులు చెప్పలేని మాట ఈ సున్నాలు చెబుతాయని నూర్ అహ్మద్‌కు ఆశ పుట్టింది.

నెల రోజులు ఎవరు ఎవరికి ఫోన్ చేశారో నోటుబుక్కులో రాసుకున్నాడు. రాసినంతవరకూ నిజమే రాశాడు. తన సున్నా దగ్గరికి వచ్చేసరికి మాత్రం కొంచెం చెయ్యి తిప్పాడు. ప్రొద్దుటూరుకు పోయే గీతను బాగా లావు చేశాడు. పులివెందులలో రోజూ తనతో పనిచేసే ఇద్దరికీ తనకూ మధ్య అసలు గీతే పెట్టలేదు. ఇక్కడ నాకేమీ పని లేదు మహాప్రభో అని కాగితం చేత చెప్పించడం అతని ఉద్దేశం. పైన ఎర్ర అక్షరాలతో ‘మన కంపెనీ సంబంధాల పటం’ అని పేరు కూడా పెట్టాడు.

ముద్దనూరు దాటాక చార్టు ఒకసారి విప్పి చూసుకున్నాడు. పక్క సీటు పెద్దాయన కళ్లద్దాలు సర్దుకున్నాడు.

“ఏం కేసప్పా ఇది? ముద్దాయిలు శానామందే ఉండారే.”

“కేసు కాదు మామా, మా ఆఫీసు.”

“ఆఫీసు మీదనే పెట్టినారా కేసు? ఈ పెద్ద సున్నా ఎవరు, ఏ-వన్నా?”

నూర్ అహ్మద్ చార్టు చుట్టేశాడు. ఆ పెద్దాయన మాటను కాస్త పట్టించుకుని ఉంటే బాగుండేది.

తొమ్మిదిన్నరకు చార్టును ఆఫీసు గోడకు అంటించాడు. ముందుగా వచ్చినవాడు కింద గోడౌను చూసుకునే జియావుల్లా. చేతిలో బొరుగుల ఉగ్గాని పొట్లం ఉంది. రోజూ తెస్తాడు, రోజూ అందులో సగం నూర్ అహ్మద్‌దే.

“ఇదేందన్నా, నా పేరుండాది?”

“అది నువ్వే. మనిషికొక సున్నా.”

“నేను సున్నానా?”

“అందరమూ సున్నాలే లేప్పా. నీది చిన్న సున్నా.”

సున్నాలో కూడా చిన్న సున్నా కావడం ఎలా సాధ్యమో జియావుల్లాకు అర్థం కాలేదు. “సరే, నీకూ నాకూ నడుమ గీత ల్యాదే?” అన్నాడు చివరికి.

“అది... మనం ఫోన్లు చేసుకోం గదా.”

“ఆరేండ్లుగా ఒకే పొట్లంలో ఉగ్గాని తింటాండాం. ఇంగ మీద ఫోన్ చేసి తినాల్నా?” అని పొట్లం పొట్లంగానే పట్టుకుని కిందికి దిగిపోయాడు.

తర్వాత ఆర్డర్లు రాసుకునే హేమలత వచ్చింది. తనకూ నూర్ అహ్మద్‌కూ మధ్య గీత లేకపోవడం ఆమె గమనించలేదు. తనకూ జియావుల్లాకూ మధ్య బొటనవేలంత లావు గీత ఉండటం గమనించింది.

“ఏంది ఇది నూరూ?”

“మీ ఇద్దరి సంబంధం శానా గట్టిదక్కా” అన్నాడు నూర్ అహ్మద్, పొగుడుతున్నాననుకుని.

హేమలత చేతిసంచి ధడేలున బల్ల మీద పడింది.

“ఆర్డర్ల సంబంధమక్కా! దినానికి నలభై తూర్లు ఫోన్ చేసుకుంటారు గదా!”

“ఆర్డర్లని యాడ రాసినావు? ఎర్ర ఇంకుతో సంబంధమని రాసి గోడకు కరిపిస్తివే! మా ఇంటాయన పదకొండుకు ఈడికే వస్తాండాడు. ఆయప్పకు ఏమని చెప్పల్ల?”

నూర్ అహ్మద్ వైట్‌నర్ తెచ్చి ఆ గీతను తుడిచిపెట్టాడు. అప్పుడే తాళాల కోసం పైకి వచ్చిన జియావుల్లా తడి ఆరని తెల్లమరక చూశాడు. ఉన్న ఒక్క గీతా పోయింది.

“గీత చెరిపించినావా అక్కా? అంటే మనకు మాటలు ల్యావా?”

ఈ ప్రాంతంలో అది చిన్న మాట కాదు. రెండిళ్లకు మాటలు లేవంటే మనవళ్ల కాలం దాకా లేనట్టే.

“ల్యావనుకో” అంది హేమలత, మొగుడు వచ్చే వేళ దగ్గర పడుతోందన్న కంగారులో.

పదింటికి ప్రొద్దుటూరు మేనేజరు నారాయణ, జమ్మలమడుగు బ్రాంచి చూసే పద్మావతమ్మ ఒకే కారులో దిగారు. పద్మావతమ్మ అక్కనే నారాయణకు ఇచ్చారు. అందుకని ఆమెకు ఆఫీసులో కూడా ఆయన బావే. కనీసం పెద్దవాళ్లనైనా సంతోషపెడదామని నూర్ అహ్మద్ ఎదురెళ్లాడు.

“సార్, అందరికన్నా పెద్ద సున్నా మీరే!”

పద్మావతమ్మ పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నారాయణ ముఖం నల్లబడింది. “నీకు నవ్వొస్తాందా?” అన్నాడు మరదలితో. ఆ మాటకు నవ్వు ఆపి చార్టు చూసిన పద్మావతమ్మకు బావ సున్నా నుంచి తన సున్నాకు గీత కనబడలేదు.

“ఏమప్పా, మా బావకూ నాకూ మాటలు ల్యావని ఊరంతా చాటతాండావా?”

“మీరు కార్లోనే మాట్లాడుకుంటారు గదమ్మా. ఫోన్ చేసుకుంటేనే నేను...”

“వాడు రాసింది నిజమేలే” అన్నాడు నారాయణ. “మా మనవని చెవులు కుట్టిన పొద్దు మూతి ముడుచుకోని పోలేదా నువ్వు?”

“నన్ను ఆఖరి పంక్తిలో కూచోబెట్టింది ఎవరు?”

కారులో నవ్వుకుంటూ వచ్చినవాళ్లు చెరో కిటికీ దగ్గర చేరి చెరో దిక్కు చూస్తూ నిలబడ్డారు.

అయినా పని ఆగదు కదా. “నూరూ, పెద్దముడియం రైతుకు పైపులు ఎప్పుడు పంపుతుందో ఆ యమ్మను అడుగు” అన్నాడు నారాయణ. “నూరూ, ప్రొద్దుటూరు నించి వస్తే గదా పంపేదని ఆ పెద్దాయనకు చెప్పు” అంది పద్మావతమ్మ. ఇద్దరి మధ్య దూరం ఆరడుగులు. కింద వేముల నుంచి ఒక రైతు వచ్చి నిలబడితే, ఆర్డరు చీటీ కోసం జియావుల్లా పైకి ఫోన్ చేయలేదు. నూర్ అహ్మద్‌ను పిలిచాడు. హేమలత చీటీని జియావుల్లాకు పంపలేదు. నూర్ అహ్మద్ చేతికిచ్చింది. పదకొండుకు ఆమె భర్త వచ్చి, గోడ మీది మరక చూసి, “ఈడ ఏముండె?” అని అడిగాడు. “ఏం ల్యా!” అన్నారు అందరూ ఒకేసారి. ఆ రోజు వాళ్లంతా కలిసి అన్న మాట అదొక్కటే. అది విన్నాక ఆయన మరకను ఇంకా దగ్గరికి వెళ్లి చూశాడు.

దారిలో కారు టైరు పంక్చరై అవినాష్ ఒంటిగంటకు వచ్చాడు. ఒక మూల కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచి, గంటసేపు ఎవరినీ కదిలించకుండా చూశాడు. అప్పటికి నూర్ అహ్మద్ మెట్లు ఎక్కి దిగడం ఇరవై ఆరోసారి. మోకాళ్లు పట్టేశాయి.

“నూర్ అహ్మద్ గారూ, ఇలా రండి. ఇది చూడండి.”

తెర మీద అయిదు సున్నాలు ఉన్నాయి. నడుమ నూర్ అహ్మద్. చుట్టూ ఉన్న నాలుగు సున్నాల నుంచీ గీతలు అతని సున్నాలోకే వచ్చి చేరాయి. ఆ నాలుగింటి మధ్య ఒక్క గీత లేదు.

“ఇలాంటిది నేను పుస్తకాల్లో చదవడమేనండీ. మీరు లేకపోతే వీళ్లలో ఒకరి మాట ఇంకొకరికి చేరదు. మూడు బ్రాంచీలూ మూతపడతాయి!”

ఆరేళ్లలో తనను ఎవరైనా అలా మెచ్చుకోవడం అదే మొదలు. నూర్ అహ్మద్ గుండె ఉప్పొంగింది. అవినాష్ సంచిలోంచి ఒక కవరు తీశాడు.

“నిజానికి మీ బదిలీ ఆర్డరు తెచ్చాను. ప్రొద్దుటూరుకే. సంతకం కూడా అయిపోయింది. రాగానే మీ చేతిలో పెట్టేద్దామనుకున్నాను. గోడ మీది మీ చార్టులో ఇన్ని గీతలు లేకపోవడం చూసి, ఆగి గమనించాను. లేకపోతే ఎంత పొరపాటు జరిగిపోయేది!” అంటూ ఆ కాగితాన్ని శ్రద్ధగా నాలుగు ముక్కలు చేశాడు.

నూర్ అహ్మద్ ఆ ముక్కలు అందుకున్నాడు. “సార్... ఆ చార్టు అబద్ధం సార్. గీతలు నేనే ఎగ్గొట్టినా. వీళ్లంతా నిన్నటిదాకా బాగానే మాట్లాడుకుంటాండ్రి. ఈ ఒక్క దినమే సార్ ఇట్లా! కావాలంటే అడగండి. హేమలతక్కా, నువ్వన్నా చెప్పక్కా!”

హేమలత తల ఎత్తలేదు. “నూరూ, నన్నేమీ అడగొద్దని ఆ సారుకు చెప్పు” అంది.

అవినాష్ చిరునవ్వుతో తెర మీద హేమలత నుంచి వచ్చే గీతను ఇంకొంచెం లావు చేశాడు. నూర్ అహ్మద్‌ను అక్కడికక్కడే మూడు బ్రాంచీలకూ సమన్వయకర్తను చేశాడు. రోజూ పొద్దున పులివెందుల, మధ్యాహ్నం జమ్మలమడుగు, సాయంత్రం ప్రొద్దుటూరు ఆఫీసు మూసేదాకా అక్కడ. ఒక బస్సు పోయి మూడయ్యాయి.

అవినాష్ కారు సందు మలుపు తిరగగానే జియావుల్లా పైకి వచ్చి, చల్లారిన ఉగ్గాని పొట్లం హేమలత ముందు విప్పాడు. ఆమె నవ్వి ఇంత నోట్లో వేసుకుంది. నూర్ అహ్మద్‌ను ఎవరూ పిలవలేదు. బస్టాండులో నిలబడి ఉండగా నారాయణ కారు అతని పక్కనుంచే వెళ్లింది. ముందు సీట్లలో బావామరదళ్లు దేనికో పగలబడి నవ్వుకుంటున్నారు. వెనక సీటు మొత్తం ఖాళీగా ఉంది. అతనికి ఏడుపొచ్చింది. అంతలో బస్సొచ్చింది.

కూర్చున్నాక ఫరహత్ ఫోన్ చేసింది. “సారు ఏమన్న్యాడు?”

“నేను ల్యాకుంటే కంపెనీ నడవదంట.”

ఫరహత్‌కు ఆ ఒక్క మాటతో సంగతి అర్థమైపోయింది. అటువైపు ఫోను చేతులు మారిన అలికిడి అయింది. ఇంకా వెలుతురు ఉంది కాబట్టి సనా మేలుకునే ఉంది.

“ఎవరు?” అంది.

“నేనమ్మా, మీ అబ్బాను.”

“ఎవరు?”

నూర్ అహ్మద్ కిటికీలోంచి కాసేపు బయటికి చూశాడు. “బస్సు మామూను” అన్నాడు.

పిల్ల వెంటనే గుర్తుపట్టింది.