పదకొండు గంటల రద్దీ: నా పరిశోధన

అమీర్‌పేటలోని మా కంప్యూటర్ శిక్షణాలయంలో నెట్‌వర్క్ రోజూ సరిగ్గా పదకొండింటికి మందగించుచున్నందున, కారణం కనుగొనే బాధ్యత యాజమాన్యం నాకు అప్పగించిందని సవినయంగా మనవి చేసుకుంటున్నాను. అర్హతకు లోటు లేదు. నాకు మూడేళ్ల అనుభవం. అందులో రెండున్నరేళ్లు ఎస్.ఆర్. నగర్ జిరాక్స్ షాపులో ఒక్క పూటలో, సర్టిఫికెట్‌తో సహా సంపాదించాను.

తొందరంతా జువేరియాది. యూసుఫ్‌గూడ నుంచి వచ్చే మా విద్యార్థిని. సోమవారం పదకొండింటికి మా ల్యాబ్‌లోనే ఆమెకు ఒక కంపెనీవారి ఆన్‌లైన్ పరీక్ష. పాసైతే ఉద్యోగం, మధ్యలో లైను ఆగితే మరో అవకాశం లేదు.

"సార్, లైన్ ఆగదు గదా?" అంది.

"నేనుండగానా!" అన్నాను. అబ్బో, అప్పుడు నా ఛాతీ చూడాలి!

పరిశోధన ప్రారంభమైంది. లైనుకు అవతలి కొసన ఉన్న సర్వర్‌ను నలభై కంప్యూటర్లూ సెకనుకోసారి "ఉన్నావా?" అని అడిగేలా ఏర్పాటు చేశాను. అప్పటిదాకా కుంటుతున్న లైను కాస్తా పడుకుంది. రోగం ముదిరిందని గ్రహించి, సెకనుకు పదిసార్లు అడిగించాను. మా యజమాని హనుమత్ప్రసాద్ గారు తెరమీద ఎర్రగీతలు చూసి పులకించిపోయారు. "ఏవండీ, ఇంత రద్దీ పంజాగుట్ట చౌరస్తాలో కూడా లేదండీ! మన సంస్థ స్థాయి పెరిగింది" అని ప్రసంగించారు.

వైర్లు చూసే అజీమ్ భాయ్ మాత్రం తల గోక్కున్నాడు. "సార్, పదకొండింటికి పోరగాండ్లు ఇంటర్వ్యూ మెయిళ్లు చూస్తరు, జర స్లో అయితది. ఆపింది మీ అడుగుడే. పంజాగుట్టల జామ్ ఎందుకైందో చూద్దామని అందరు బండ్లు ఆపుతరు, గిది సుత గట్లనే." పదో తరగతి తప్పినవాడి సలహా. నా మూడేళ్ల అనుభవం అతన్ని క్షమించింది.

సోమవారం ముప్పయ్యో ప్రశ్న దగ్గర జువేరియా తెర బిగుసుకుపోయింది. నేను తక్షణమే నా అడుగుడు రెట్టింపు చేశాను. అజీమ్ పరుగున వచ్చి, అడుగుడంతా నడిపిస్తున్న నా కంప్యూటర్ వైరు పీకేశాడు. లైను ఉరికింది. అప్పటికే ఆమె సమయం అయిపోయింది. ఏడ్చినా బాగుండేది, ఊరికే నావైపు చూసింది. సిగ్గుతో చచ్చిపోయాను.

కారణం విజయవంతంగా వెల్లడైనందుకు నాకు శాలువా కప్పారు. "రద్దీ కారణాల నిర్ధారణ" అని నలభై అయిదు రోజుల కోర్సు ప్రకటించారు. బోధన నాదే. సీట్లు ఒక్క పూటలో నిండాయి. మొదటి రోజు గుమ్మంలో జువేరియా.

"నీకీ కోర్సెందుకమ్మా?" అన్నాను తలెత్తకుండా.

"కోర్సు వద్దు సార్. అజీమ్ భాయ్ చెప్పిండు, మీకు అనుభవం చేసిచ్చిన జిరాక్స్ షాపు ఎక్కడుందో చెప్పుండ్రి. మూడేళ్ల అనుభవం ఉంటే గా కంపెనీ పరీక్ష లేకుండనే తీసుకుంటదట."

చెప్పాను. నవ్వుతున్నారు కదా? మీ బయోడేటా ఏ షాపులో తీయించారో నేను అడగలేదు.