ఊరిని కొండెక్కించిన ఇత్తడి డొల్ల

ముందుగా ఒక మాట. నేను అక్షరాలు దిద్దింది మనవరాలి పెళ్లయ్యాక. రాతలో తప్పులుంటాయి, ఓర్చుకోండి. ఒక పేజీ నిండడానికి నాకు రెండు రోజులు పడుతుంది, మధ్యలో దుంపలు కూడా ఉడకాలి కదా. నేను మెల్లగా రాశాను, మీరూ మెల్లగా చదవండి.

ఆ గురువారం పొద్దున మ్యూరియెల్ పెట్టుకున్న పని చాలా చిన్నది. చర్చి గంటను దించాలి, తళతళలాడేలా తోమాలి, బేసిల్ చేపల వేట నుంచి వచ్చేలోగా మళ్లీ తగిలించాలి. బేసిల్ అంటే మా వెరతాసి ఊరి ఉపదేశకుడు, మ్యూరియెల్‌కి మేనల్లుడి వరస. మధ్యాహ్నం దాకా రాడు. తోమడానికి నిమ్మకాయలు, బూడిద, కొబ్బరి పీచు ముందు రోజే సిద్ధం చేసుకుంది.

గంట అని పేరే గాని అది ఫిరంగి గుండు డొల్ల. యుద్ధం వెళ్లిపోతూ మా తీరం నిండా ఇత్తడి వదిలేసి పోయింది. ఆ ఇత్తడినంతా ఏరింది మ్యూరియెల్ భర్త జాఫెత్. చిన్న తూటాల డొల్లలు కోసి వక్కలోకి సున్నం పెట్టుకునే కాయలు చేసేవాడు, ఉంగరాలు చేసేవాడు, చర్చికి కొవ్వొత్తి స్తంభాలు చేసేవాడు. ఊళ్లో పెళ్లయిన ఏ ఆడదాని వేలు చూసినా జాఫెత్ ఉంగరమే. వాటన్నిటిలోకీ పెద్దది ఈ గంట. మోచేతి పొడవు ఇత్తడి డొల్ల, మూతి కిందికి పెట్టి, అడుగున రంధ్రంలోంచి తాడు వేసి వేలాడదీశారు. ఇనుప కడ్డీతో కొడితే రెండు వాగుల అవతలికి వినబడుతుంది. నలభై ఏళ్లు జాఫెతే మోగించాడు. ఆయన పోయి తొమ్మిదేళ్లు.

"ఊరందరి ఇళ్లలోనూ నా మొగుడి చేతి పని ఉంది. నా ఇంట్లో మాత్రం ఒక్క సున్నపుకాయ. దానికీ మూత పట్టదు," అని మ్యూరియెల్ అప్పుడప్పుడూ అంటుండేది. ఆయన ఉన్నప్పుడు కోపంగా అనేది, పోయాక మామూలుగా అనేది.

ఇప్పుడు వచ్చిన చిక్కేమిటంటే, ఆదివారం బిషప్ గారు వస్తున్నారు, ఆయనతో పాటు రాజధాని హోనియారా నుంచి పడవ మీద కొత్త గంట వస్తోంది. పాతదాన్ని శనివారం పాత సామాన్లవాడికి ఇచ్చేయాలని బేసిల్ నిర్ణయించాడు.

"యుద్ధం సామాను అత్తా! దేవుడి ఇంటి ముందు ఎన్నాళ్లు వేలాడదీస్తాం?"

"దాని మీద వాక్యం ఉందిరా! పెద్ద ఫాదర్ గారే చెప్పారు, వందో కీర్తన అని. వాక్యం ఉన్నదాన్ని పాత సామాన్లవాడికిస్తావా?"

"ఎవరు చూశారు వాక్యం? చిలుం తప్ప ఏం కనబడుతుంది?"

మాట నిజమే. అంచు దగ్గర మేకుతో గుచ్చిన చుక్కల రాత ఏదో ఉందిగాని, దాని మీద పచ్చటి చిలుం పట్టింది. చాలాకాలం మ్యూరియెల్‌కి చదవడమే రాదు. అంతకుముందు ఏడు తల్లుల సంఘం వాళ్లు చింకి చాపల మీద కూర్చోబెట్టి అక్షరాలు నేర్పించారు. ఆమె పక్కనే కూర్చుని నేర్చుకున్న పొరుగింటి నెస్టా ఇంకా తన పేరు దగ్గరే తడబడుతుంటే, మ్యూరియెల్ ప్రార్థన పుస్తకం సగం చదివేసింది. ఇప్పుడు గంట తోమి, బిషప్ గారి ముందు ఆ కీర్తన తనే చదివి వినిపించాలని ఆమె పంతం. చదివితే గంట ఉంటుంది. లేకపోతే పోతుంది.

గంటను దించి వంటపాక వెనక్కి మోసుకెళ్లింది. లోపల చెయ్యి పెట్టి చూస్తే, కుమ్మరి పురుగులు కట్టిన మట్టి గూడు రాయిలా గడ్డకట్టుకుని ఉంది. అది రాలితే గాని తోమడం కుదరదు. సీమపనస కొమ్మకు తాడు వేసి డొల్లను వేలాడదీసి, గుండ్రటి రాయి తీసుకుని ఒక్కటిచ్చింది. కాస్త మట్టి రాలింది. ఆగి, లోపలికి చూసి, మళ్లీ ఒక్కటిచ్చింది.

మా ఊళ్లో పిల్లలు మాటలకన్నా ముందు గంట లెక్క నేర్చుకుంటారు. ఒక్కో దెబ్బ విడివిడిగా పడితే ప్రార్థన. రెండేసి పడితే బడి, పెట్టడానికైనా విడవడానికైనా. మూడేసి పడితే ఊరి పని, మగవాళ్లు కత్తులు పట్టుకుని రావాలి. ఆగకుండా మోగితే సముద్రం పైకొస్తోందని, ఉన్నపళంగా కొండెక్కాలి. ఈ లెక్క మ్యూరియెల్‌కి తెలియదా అంటే, జాఫెత్ పెళ్లానికి తెలియకపోవడమేమిటి! కానీ ఆ ఘడియకు ఆమె ముందున్నది గంట కాదు, అడుగంటిన గిన్నె.

ఒక్కొక్కటిగా ఎనిమిది దెబ్బలు పడేసరికి ముసలివాళ్లు ప్రార్థన పుస్తకాలు పట్టుకుని చర్చికి చేరారు. పొద్దున ప్రార్థన అయి గంట కూడా కాలేదు.

"మళ్లీ ఎందుకూ?"

"పొద్దుటిది బేసిల్ తొందర తొందరగా కానిచ్చాడు. అందుకే అయ్యుంటుంది."

సముద్రం మీదున్న బేసిల్‌కి కూడా వినబడింది. బిషప్ గారు మూడు రోజులు ముందే దిగిపోయారనుకుని, వల అక్కడే కోసేసి, పడవను గిరుక్కున తిప్పాడు.

ఇక్కడ మ్యూరియెల్‌కి చెయ్యి నొప్పెట్టింది. బలం చాలక రెండేసి దెబ్బలు వేయడం మొదలుపెట్టింది. టంగ్‌టంగ్. టంగ్‌టంగ్. బడిలో అప్పుడే పలకలు తీసిన పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. వాళ్లకి గంట మీద ఆ రోజు ఉన్నంత గౌరవం మరెన్నడూ లేదు. కిటికీల్లోంచి కూడా వెళ్లిపోయారు.

గూడులో ఒక పెళ్ల ఊడింది. మ్యూరియెల్‌కి హుషారొచ్చింది. మూడేసి వేసింది.

మగవాళ్లు కత్తులు పట్టుకుని చర్చి ముందు పోగయ్యారు. పని ఏమిటో ఎవరికీ తెలియదు. చెప్పాల్సిన బేసిల్ లేడు. ఊరికే నిలబడితే బద్ధకస్తుడంటారని ఒకాయన ఎదురుగా ఉన్న క్రోటన్ మొక్కల మీద కత్తి వేశాడు. ఆయన వేస్తే పక్కాయన ఊరుకుంటాడా? బిషప్ గారు నడిచి వచ్చే దారికి రెండు వైపులా బేసిల్ నాలుగు నెలలుగా నీళ్లు పోసి పెంచిన మొక్కలవి. పావుగంటలో చీలమండల ఎత్తుకు వచ్చేశాయి. చాలా శుభ్రంగా నరికారు.

గూడులో ఇక చివరి ముక్క మిగిలింది. అది కదులుతోంది గాని రావడం లేదు. మ్యూరియెల్‌కి ఒళ్లు మండింది. పళ్లు బిగబట్టి, రాయి రెండు చేతులా పట్టుకుని, ఆపకుండా వాయించింది.

ఆ మోత వెరతాసిలో అంతకుముందు ఒక్కసారే వినబడింది, భూకంపం వచ్చిన ఏడు, జాఫెత్ చేతిలో.

పొరుగింటి నెస్టా ఆ సమయంలో పందికి మేత వేస్తోంది. ఒకసారి సముద్రం వైపు చూసింది. పోటు తీసి నీళ్లు వెనక్కి పోయి ఉన్నాయి, రోజూ ఆ వేళకి పోతాయి. కానీ భయం రోజూ లాగా ఉండదు కదా.

"సముద్రం! ఓయ్, సముద్రమొస్తోంది! పరిగెత్తండ్రా!"

పందిని భుజాన వేసుకుని కొండ వైపు తీసిన పరుగు చూసి, ఆవిడ వయసు మీద ఊళ్లో అందరికీ అనుమానం వచ్చింది. ముసలివాళ్లు ప్రార్థన పుస్తకాలతో, మగవాళ్లు కత్తులతో, పిల్లలు పలకలతో ఆవిడ వెనకే కొండెక్కారు.

చివరి ముక్క రాలింది. మ్యూరియెల్ తలెత్తి చూసేసరికి మనుషులు పరిగెడుతున్నారు.

"ఏమైంది?" అని కేకేసింది.

"గంట మోగింది అక్కా! వినబడలేదా? సముద్రం!" అన్నారెవరో, ఆగకుండానే.

"అయ్యో దేవుడా!" అంటూ మ్యూరియెల్ కూడా బయలుదేరింది. జాఫెత్ డొల్లను సముద్రానికి వదిలేయలేక కొమ్మ నుంచి విప్పి చంకన పెట్టుకుంది. నిమ్మకాయలు, కొబ్బరి పీచు అందులోనే పడేసింది. సగం కొండ ఎక్కాక గాని ఆమెకు అనుమానం రాలేదు. గంట తన చంకలో ఉంటే మరి మోగింది ఏది? అడుగు నెమ్మదించింది. చంకలో ఉన్నదాని వైపు ఒకసారి, పైనున్న ఊరి జనం వైపు ఒకసారి చూసింది. వెనక్కి పోదామంటే బేసిల్ తడి బట్టలతో ఎక్కుతూ కనబడ్డాడు. ఇక పైకి పోవడమే మేలనిపించింది.

అందరికంటే చివర వచ్చింది విపత్తుల ఆఫీసు నుంచి వచ్చిన రోలండ్. అతను మా ఊళ్లో స్తంభం మీద సైరన్ బిగించి మూడుసార్లు కొండెక్కే పరుగు నేర్పే ప్రయత్నం చేశాడు. మూడుసార్లూ జనం కుర్చీలు తెచ్చుకుని సైరన్ కింద కూర్చుని, బాగా మోగుతోందని మెచ్చుకున్నారు. ఇప్పుడతను ఒక చేతిలో గడియారం, ఇంకో చేతిలో ఫోను పట్టుకుని రొప్పుతూ వచ్చాడు.

"ఎక్కడా హెచ్చరిక లేదు! భూకంపం లేదు! ఎవరు మోగించారు?"

చంకలో ఇత్తడి డొల్ల ఉన్న మనిషి ఊరంతటికీ ఒక్కతే.

"అత్తా," అన్నాడు బేసిల్. అప్పటికతను దారిలో క్రోటన్లు చూసుకునే వచ్చాడు. "వల పోయింది, మొక్కలు పోయాయి, బడి పోయింది. ఇంకా ఏమైనా మిగిలిందా?"

"తోముదామనుకున్నానురా," అంది మ్యూరియెల్ చిన్నగా. "వాక్యం కోసం."

"సరే. చదువు. ఇంత చేశావుగా, ఏ కీర్తనో చదువు, వింటాం. ఉంటే ఉంచుదాం. లేకపోతే శనివారం దాకా కూడా ఎందుకు, ఇవాళే పంపించేస్తాను."

మ్యూరియెల్ కూర్చుని, డొల్లను ఒళ్లో నిలబెట్టుకుంది. మూతి పైకి. అలా నిలబెట్టి ఆమె దాన్ని ఎప్పుడూ చూడలేదు, ఎప్పుడూ వేలాడుతూనే చూసింది. నిమ్మచెక్కతో అంచు దగ్గర రుద్దింది, పీచుతో తుడిచింది. చుక్కలు ఒక్కొక్కటే వెలిగాయి. రాత తిన్నగానే ఉంది. ఇన్నేళ్లూ అది తలకిందులుగా వేలాడింది.

వేలు పెట్టి కూడబలుక్కుంది. ఒకసారి చదివి, మళ్లీ మొదటి నుంచి చదివింది. తర్వాత వేలు ఆగిపోయింది.

"ఏ కీర్తన అక్కా?" అంది నెస్టా, పందిని దించకుండానే.

వందో కీర్తన మ్యూరియెల్‌కి కంఠతా వచ్చు. అదే చదివేసినా ఎవరికీ తెలియదు, బేసిల్ కళ్లద్దాలు పడవలో ఉండిపోయాయి. కానీ ఈ వయసులో వేళ్లు కాయలు కాచేలా అక్షరాలు దిద్దింది ఉన్నది చదవడానికే గాని, లేనిది చదవడానికి కాదు.

"'మ్యూరియెల్‌కి,'" అని చదివింది. "'పూలు పెట్టుకోవడానికి. జాఫెత్.'"

నెస్టా పందిని కిందికి దించింది.

అప్పుడు ఆమెకు పెళ్లయిన ఏడు క్రిస్మస్ ముందు సాయంత్రం గుర్తొచ్చింది. జాఫెత్ రెండు చేతుల నిండా ఎర్ర మందారాలతో వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "పెట్టడానికి ఏమీ లేకుండా ఇన్ని ఎందుకు కోశావు?" అని ఆమె కసిరింది. అతనేదో చెప్పబోయి, ఊరుకుని, ఖాళీ మాంసం డబ్బాలో నీళ్లు పోసి పెట్టాడు. ఆ రోజు పగలే పెద్ద ఫాదర్ గారు జాఫెత్ పాక ముందు కొయ్య మీద బోర్లించిన కొత్త డొల్లను చూసి, వేలి కణుపుతో కొట్టి, అంచున ఉన్న రాత చదవకుండానే కీర్తన అనేసి, "దేవుడు మనకి గంట పంపాడు!" అని ఎత్తుకుపోయారని ఊరంతా చెప్పుకున్నారు. ఫాదర్ గారికి ఎదురు చెప్పే మనిషి కాదు జాఫెత్. పెళ్లానికి పూలకుండీ చేశానని పదిమందిలో చెప్పే మనిషి అసలే కాదు. మోగించే పని మాత్రం ఇంకెవరికీ ఇవ్వలేదు.

మ్యూరియెల్ ముక్కు చీది, "సున్నపుకాయకి మూత పట్టదు గాని, మనిషికి మాత్రం మూత ఊడలేదు," అంది.

అందరికంటే ముందు బేసిల్ తేరుకున్నాడు. "అయితే ఇది చర్చిది కానే కాదు! నీ కుండీ నువ్వు తీసుకుపో అత్తా. నాకూ తలనొప్పి వదిలింది."

మ్యూరియెల్ రెండు చేతులా కావలించుకుంది. ఇంతలో రోలండ్ అడ్డం వచ్చాడు.

"ఆగండాగండి. తొమ్మిది నిమిషాల్లో కొండ మీదికి! ఊరు మొత్తం, పందితో సహా! మా సైరన్‌కి ఒక్కరు లేవలేదు. దీన్ని దించడానికి వీల్లేదు. నేను రాసి పంపిస్తాను."

"కొత్తది వస్తోందిగా!" అన్నాడు బేసిల్.

"కొత్తదాని మాట మాకెలా తెలుస్తుందిరా?" అన్నాడొక ముసలాయన. "ఇది పిలిస్తే కాళ్లు వాటంతటవే లేస్తాయి."

అందరూ మ్యూరియెల్ వైపు చూశారు. నలభై తొమ్మిదేళ్లు ఆలస్యంగా వచ్చిన కానుక, చేతికొచ్చి అరగంట కాలేదు.

"ఏం చేస్తావక్కా? పూలు పెట్టుకుంటావా, మమ్మల్ని బతకనిస్తావా?" అంది నెస్టా.

మ్యూరియెల్ అక్షరాల వెంట మెల్లగా వేలు నడిపింది.

"అరువిస్తాను," అంది చివరికి. "దానం కాదు, అరువు. పెద్ద ఫాదర్ గారు అడగలేదు, నువ్వు అడగాలి బేసిల్, అందరి ముందూ. పొద్దున మోగించేది కూడా నేనే."

బేసిల్ అడిగాడు. తడి బట్టలతో, ఊరందరి ముందూ, "అత్తా, నీ పూలకుండీ ఒకసారి ఇస్తావా?" అని.

ఆదివారం బిషప్ గారు వచ్చి మోడులైన క్రోటన్ల మధ్య నడుస్తూ ఇదేమిటని అడిగితే, కొత్త పద్ధతి అని బేసిల్ చెప్పాడు. కొత్త గంటను బడికి ఇచ్చారు. అది వినబడలేదని చెప్పుకోవడానికి పిల్లలకు వీలుగా ఉంది. పాతది ఎప్పటి చోటనే వేలాడుతోంది, ఎప్పటిలాగే తలకిందులుగా. రోజూ పొద్దున మ్యూరియెల్ కడ్డీ ఎత్తేముందు మెడ వంచి ఒకసారి చదువుకుంటుంది. తలకిందులు అక్షరాలు చదవడంలో తల్లుల సంఘంలో ఆమెను మించినవాళ్లు లేరు.

పూలు మాత్రం ఇప్పటికీ ఖాళీ డబ్బాలోనే పెట్టుకుంటోంది.

— నెస్టా, డెబ్బై రెండేళ్లు. ఇప్పుడు హోనియారాలో కూతురి ఇంట్లో, పంది లేకుండా.