ఐరన్ వాష్

"బళ్ళారి జిల్లాలో ధూళి అన్నదే లేదు" అని గనుల మంత్రిగారు రోడ్డు పక్క షామియానా కింద ప్రకటించారు. ప్రకటించి కళ్ళు తుడుచుకున్నారు. అభివృద్ధిని చూసి వచ్చిన ఆనందబాష్పాలని పక్కనున్నవాళ్ళు చెప్పారు. నేను నా గూడ్స్ ఆటో దగ్గర నిలబడి చప్పట్లు కొట్టాను. కొట్టినప్పుడల్లా అరచేతుల్లోంచి ఎర్రగా ఏదో లేచింది. ధూళి మాత్రం కాదు.

చైనావాళ్ళు మన ఇనుపరాయి కోసం ఎగబడుతున్న రోజులవి. రాయి దొరికినవాళ్ళు హెలికాప్టర్లు కొన్నారు. దొరకనివాళ్ళు కొత్త జీన్స్ ప్యాంట్లు ఉతికి అమ్మారు. మా రోడ్డులో అలాంటి వాషింగ్ యూనిట్లు రెండు. ఒకటి గాదిలింగప్పది. ఆయన మంత్రిగారి పార్టీకి వార్డు అధ్యక్షుడు కూడా. రెండోది జాబెజ్‌ది. ఆయన చర్చి కమిటీలో పెద్దమనిషి. ఇద్దరి సరుకూ రైల్వేస్టేషనుకు మోసేది నేనే కాబట్టి నేను తటస్థుణ్ణి.

జాబెజ్ రేకుల షెడ్డు వేసుకుని ప్యాంట్లు అందులో ఆరేసేవాడు. గాదిలింగప్ప షెడ్డుకని తెచ్చిన లోనుతో మంత్రిగారి కటౌట్ పెట్టించి, ప్యాంట్లు రోడ్డువార తీగల మీద ఆరేయించాడు. ఇనుపరాయి మోసే లారీల పుణ్యమా అని సాయంత్రానికి నీలం ప్యాంట్లు ఎర్రబడ్డాయి. బొంబాయి సేటు ఇక కొనడు, యూనిట్ మూతపడుతుందని పనివాళ్ళు గొల్లుమన్నారు. అందరికంటే గట్టిగా ఏడ్చింది సిద్దక్క. మొగుడు గనిలో కాలు పోగొట్టుకుని ఇంట్లో కూర్చున్నాడు. ఆ ఇంటికి అన్నం ఆ తీగల మీదే ఆరేది.

గాదిలింగప్ప ఏడవలేదు. నాయకుడు కాబట్టి ప్రకటన చేశాడు.

"ఇది డ్యామేజ్ కాదప్పా, డిజైన్! పేరు ఐరన్ వాష్."

బొంబాయిలో కుర్రకారు వాటిని కళ్ళకద్దుకుని తొడుక్కున్నారట. సేటు ఇంకా పంపమన్నాడు. వారం తిరక్కుండా జాబెజ్ తన షెడ్డు రేకులు ఊడబీకించాడు.

"ఏందన్నా, మొన్ననే కదా ఏసినావు?" అని అడిగాను.

"మార్కెట్ మారిందప్పా. శుభ్రంగా ఉండేదాన్ని ఇప్పుడెవరు కొంటారు?" అన్నాడు, బైబిల్ వాక్యం చదివినంత శాంతంగా.

ఇక పోటీ మొదలైంది. గాదిలింగప్ప తన తీగలు రోడ్డుకు మరింత దగ్గరగా జరిపాడు. జాబెజ్ తన యూనిట్ ముందు స్పీడ్ బ్రేకర్ వేయించాడు, లారీ ఎగిరితే రాయిపొడి తన ప్యాంట్ల మీదే రాలుతుందని. గాదిలింగప్ప లారీ డ్రైవర్లకు టీ పోయించి, "టార్పాలిన్ తీసేసి పోండ్రప్పా, మీకు పుణ్యముంటాది" అని దండం పెట్టాడు. దేశంలో కంపెనీలు నాణ్యత కోసం పోటీ పడతాయని వింటాం. మావి మురికి కోసం పడ్డాయి, అదీ ఎంతో నిజాయితీగా.

బ్యాంకు మేనేజరు తనిఖీకి వచ్చాడు.

"ముడిసరుకు ఎక్కణ్ణించి వస్తుంది?"

గాదిలింగప్ప ఆకాశం చూపించాడు.

"స్టాక్ ఎంత ఉంది?"

"గట్టిగా ఊపిరి పీల్చు సార్, ఎంతుండాదో గొత్తాగుతాది."

మేనేజరు పీల్చాడు, తుమ్మాడు, రెండో లోను మంజూరు చేశాడు.

ఆ లోనుతో గాదిలింగప్ప పేపర్లో అరపేజీ ప్రకటన వేయించాడు: 'అసలు సిసలు బళ్ళారి ధూళి! ఇప్పుడు మీ నడుముకు!' మిగతా అరపేజీలో మంత్రిగారు, జిల్లాలో ధూళి లేదని మరోసారి చెబుతూ ఉన్నారు. పొద్దున్నే మంత్రిగారి పీఏ ఫోన్ చేశాడు.

"ఏమి గాదిలింగప్పా, సాహెబ్రు అబద్ధం చెప్తాండారా?"

"అయ్యయ్యో, అది ధూళి కాదన్నా. రంగు!"

రంగు అనగానే కాలుష్యం ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది: రంగునీళ్ళు కాలువలో వదిలే యూనిట్‌ను ఎందుకు మూయకూడదు? గాదిలింగప్ప ఆఫీసుకు పరుగెత్తి, "రంగు కాదు సార్, ప్యూర్ ఇనుము! న్యాచురల్!" అన్నాడు. పక్కగదిలో గనుల ఆఫీసు. గోడ పల్చన.

"ఇనుమైతే పర్మిట్ యాడుండాదప్పా?" అని గోడవతలి నుంచి వినిపించింది.

ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు. మా అధ్యక్షుడికి పక్కన గని కూడా తేలింది. ఆయన ఫోన్ ఆపేసి, పార్టీని బలోపేతం చేయడానికి సిరుగుప్పలో బావమరిది రైస్ మిల్లుకు వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రమే బొంబాయి సరుకు రైలెక్కాలి. ఎక్కకపోతే ఆర్డరు జాబెజ్‌కు పోతుంది, యూనిట్‌కు తాళం పడుతుంది. ఓనరు లేడు కాబట్టి సిద్దక్కే మూటలు నా ఆటోలో వేయించి, వాటి మీద ఎక్కి కూర్చుంది.

"పోనీయప్పా. ఈ లోడు పోకుంటే మా ఇంట్లో పొయ్యి ఎలగదు."

రైల్వేగేటు దగ్గర కొత్త చెక్‌పోస్టు. అక్రమ ఖనిజం మీద ప్రభుత్వం యుద్ధం ప్రకటించిన రోజది. పొద్దుట్నించీ అక్రమమైంది ఒక్కటీ కంటబడక ఆఫీసరు దిగులుగా ఉన్నాడు. కానిస్టేబులు కొండలా నింపుకొచ్చిన లారీలకు దారి చూపిస్తూ, మా ఆటోకు అడ్డంగా చెయ్యి చాపాడు.

"ఏందమ్మా లోడు?"

"ప్యాంట్లు సార్."

"ఒకటి దులుపు."

దులిపింది. ఆఫీసరు ముఖం వెలిగింది.

"అన్నీ దులుపు!"

"బేడ సార్, వద్దు! దులిపితే ఉత్త ప్యాంట్లయిపోతాయి. సేటు తీసుకోడు. నీ కాళ్ళకు మొక్కుతా."

కాళ్ళకు నిజంగానే మొక్కింది. ఆయన బూట్లు వెనక్కి తీసుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది కానీ ప్రభుత్వ కార్యక్రమంలో ఏడవకూడదని ఆపుకున్నాను. ఒక్కొక్క ప్యాంటూ దులుపుతుంటే నీలంగా, మామూలుగా, ఎవరికీ అక్కరలేనిదిగా తయారైంది. రాలినదంతా కుప్ప చేసి, సిద్దక్కను వెనక నిలబెట్టి ఫోటో తీశారు. ఫోటోకు అడ్డం రాకుండా లారీలను త్వరగా పొమ్మన్నారు. ఆ చెక్‌పోస్టు పట్టుకున్న మొట్టమొదటి అక్రమ ఖనిజం మాదే. ఖనిజ రవాణా వాహనమని నా ఆటోకూ గౌరవం దక్కింది, తాళంచెవి లాక్కున్నారు.

అంత దుమ్ములో నిలబడేసరికి సిద్దక్కకు దగ్గుతెర వచ్చింది. ఆటో రాడ్డు పట్టుకుని వంగి వంగి దగ్గి, పక్కకు ఉమ్మింది. ఎర్రగా పడింది.

ఆఫీసరు దగ్గరకొచ్చి, వంగి, దాన్ని శ్రద్ధగా చూశాడు.

"దీనికైనా పర్మిట్ ఉండాదామ్మా?" అన్నాడు.