తలుపులతో సహా

ఆ ఉదయం టైలరు పెట్టుకున్న పని ఒక్కటే, బడిపిల్లల చొక్కాలకు గుండీలు కుట్టడం. మూడో చొక్కా కుడుతూ కిటికీలోంచి బయటికి చూసి, సూది వేలికి గుచ్చుకున్నాడు. పెరటి వెనక స్థలంలో తోడల్లుడు కంచె పాతుతున్నాడు. ఆ స్థలం గలవాళ్లు పన్నెండేళ్ల క్రితం అందులోని ఇల్లు వదిలేసి సరిహద్దు దాటి వెళ్లిపోయారు. తోడల్లుడి మంగలి షాపుకు కొత్త అద్దం వచ్చిందని తెలిసినప్పుడే టైలరుకు రెండు రోజులు అన్నం సహించలేదు. ఇప్పుడు ఏకంగా స్థలం!

"చూశావుటే, మీ చెల్లెలి మొగుడు కంచె వేసేస్తున్నాడు!"

"వేసుకోనివ్వండి. ఆ స్థలం మీదా?" అంది భార్య.

"నాది కాదు. వాడిది మాత్రం ఎందుకవ్వాలి?"

వలస పోయినవాళ్ల ఆస్తులు చూసే ఆఫీసుకు పరుగెత్తాడు. తోడల్లుడు నిన్ననే సంరక్షకుడి ఫారం నింపి వెళ్లాడని గుమాస్తా చెప్పాడు. కాపలా కాసినవాడికే స్థలం రాసిస్తారు కాబోలు అనుకున్నాడు టైలరు.

"నాకూ అదే ఫారం ఇవ్వండి. వాడు నిన్నటివాడు. నేను వాళ్లు గడప దాటిన రోజు నుంచీ కాపలా కాస్తున్నాను."

"రుజువేమైనా ఉందా?"

"లేకేం? మా వీధి తలుపు ఆ ఇంటిదే. ఎవరూ ఎత్తుకుపోకుండా తెచ్చి బిగించాను."

గుమాస్తా రాసుకున్నాడు. "వాడేం చూపించాడు?" అని టైలరు మెడ చాచాడు.

"రెండు పూలకుండీలు."

"కుండీలా! రాసుకోండి, కిటికీలు నాలుగు. ఇనప గేటు. వంటింటి అరుగు బండ కూడా."

కింద సంతకం పెట్టించుకుని గుమాస్తా చల్లగా చెప్పాడు. "చాలా సంతోషం. కొత్త చట్టం ప్రకారం వాళ్ల స్థలం వాళ్లకే. సోమవారం వస్తున్నారు. సంరక్షకులు తమ దగ్గరున్నవన్నీ అప్పగించాలి. కంచె వేయించమని మీ తోడల్లుడికి వాళ్లే ఉత్తరం రాశారు."

టైలరు ఆ కాగితం వెనక్కి లాక్కోబోయాడు.

సోమవారం పొద్దున్నే తోడల్లుడు స్క్రూడ్రైవరు పట్టుకుని వచ్చాడు.

"అదేంటన్నయ్యా, తలుపులూ కిటికీలూ దొంగలెత్తుకుపోయారని నేను వాళ్లకి ఎప్పుడో రాసేశాను. మీరెందుకు చెప్పేశారు?"

టైలరు నిచ్చెన పట్టుకున్నాడు. మధ్యాహ్నానికి అన్నీ ఊడాయి. సాయంత్రం స్థలం గలవాళ్లు వచ్చి, తోడల్లుణ్ణి కావలించుకుని, కంచె పక్కనే కుర్చీ వేసి కూర్చోబెట్టారు.

కిటికీలు లేకపోవడంతో ఇప్పుడు అదంతా టైలరుకు మరీ బాగా కనిపిస్తోంది.